సగటుకు మించిన ఊపిరి

మానవజాతి సాధించిన ఘనవిజయాలన్నింటిలోకీ చడీచప్పుడు లేకుండా జరిగిపోయినది పిల్లలచేత పరుగు మాన్పించడం. నిప్పు రాజేసిన రోజున గోల జరిగి ఉంటుంది, చక్రం దొర్లించిన రోజున గోల జరిగి ఉంటుంది. ఇది మాత్రం తరం వెంట తరం, కన్నవాళ్ల పూర్తి సహకారంతో, నిమ్మకు నీరెత్తినట్టు జరిగిపోయింది. తాతలు ఒక్క ఊపిరిలో దాటిన దూరాన్ని తండ్రులు మధ్యలో ఆగి నడుముమీద చేతులు పెట్టుకుని దాటారు. ఇప్పటి పిల్లలకు ఆ దూరం చూపిస్తే, బండి ఎన్నింటికొస్తుందని అడుగుతున్నారు.

ఈ విజయాన్ని ఎప్పటికప్పుడు కొలిచి భద్రపరచడానికి ప్రభుత్వం వారు ఒక సంస్థను నెలకొల్పారు. దాని పూర్తి పేరు బాలబాలికల ప్రాణవాయు వినియోగ సామర్థ్య పరిరక్షణ సంస్థ. ఆ పేరును గుక్క తిప్పుకోకుండా పలకగలిగేవాళ్లు ఎవరూ మిగలకపోవడంతో జనం ఊపిరాఫీసు అనడం మొదలుపెట్టారు. (సంస్థ అధికారులు కూడా ఫోనెత్తి ‘ఊపిరాఫీసు’ అనే అంటారు. వాళ్లూ మనుషులే కదా.)

ఆ ఆఫీసుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతలి పక్కన ఒక బడి ఉంది. ఆ బడిలో ఒక ఆటల టీచరు ఉంది. రిటైరుమెంటుకు దగ్గరపడిన మనిషి. మోకాళ్లు సణుగుతాయి గాని, గొంతు మాత్రం ఇప్పటికీ మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు వినిపిస్తుంది. చిక్కల్లా ఆ రెండు కొసలకూ మధ్య ఇప్పుడు కార్లున్నాయి. గేటు దగ్గర దింపితే తరగతి గదిదాకా నడిచేసరికి పిల్లలు సొమ్మసిల్లుతున్నారని తల్లిదండ్రుల సంఘం మొరపెట్టుకుంటే, హెడ్‌మాస్టరు దయతలచి మైదానాన్ని పార్కింగుకు ఇచ్చేశాడు. గోడ వెంబడి చీరంచు లాంటి ముక్క ఒకటి మిగిలింది. దానికి ‘క్రీడాప్రాంగణం’ అని బోర్డు పెట్టారు. బోర్డుకు స్తంభాలు పాతాక ప్రాంగణం ఇంకాస్త తగ్గింది.

వరండాల్లో పరుగు నిషేధం. మెట్లమీద నిషేధం. ప్రాంగణంలో నిషేధం లేదు గాని, ఏ కారుకు గీత పడినా పూచీ పరిగెత్తినవారిదే. అందుచేత ఏడాదికి ఒక్కరోజు, ఊపిరి పరీక్షనాడు మాత్రం, తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించుకుని, గేటు బయట అంబులెన్సు నిలబెట్టి, పిల్లల్ని పరిగెత్తించేవారు.

పరీక్ష తేలికే. నేలమీద రెండు తెల్లగీతలు. స్పీకరులో గంట మోగుతుంది. మళ్లీ మోగేలోపు ఈ గీత నుంచి ఆ గీతకు చేరాలి. పోనుపోను గంటలు దగ్గర దగ్గరగా మోగుతాయి. అందుకోలేనివాళ్లు పక్కకు తప్పుకోవాలి. టీచరు ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఈ పరీక్ష పెడితే అన్నాల బెల్లు కొట్టినా పిల్లలు ఆగేవారు కాదు. ‘చాల్లే, తినిపొండి’ అని తనే విజిలు ఊది తరిమేది. ఆ పిల్లలే ఇప్పుడు తండ్రులై, ఆ మైదానంలోనే కార్లలో కూర్చుని, తమ పిల్లలు రావడం ఆలస్యమైందని హారన్లు కొడుతున్నారు.

ఏటేటా అంకెలు దిగజారుతుంటే ఊపిరాఫీసు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మొదట గంటకూ గంటకూ మధ్య ఎడం పెంచింది. అప్పటికీ దిగజారితే గీతల్ని దగ్గరికి జరిపింది. ఆపైన ఒక నిపుణుల సంఘం కూర్చుని (కూర్చున్నదే, లేచిన దాఖలా లేదు) పరుగు అన్న మాటకు కొత్త అర్థం చెప్పింది: ముందుకు వెళ్లవలెనన్న సదుద్దేశంతో చేయు కదలిక ఏదైనను పరుగే. ఇంత చేసినా ఆఫీసు హాల్లో గోడమీది పటంలో సగటు చూపే గీత కిందికే జారుతుంటే, తెలివైన గుమాస్తా ఒకడు పటాన్నే కాస్త ఏటవాలుగా తగిలించాడు. గీత చక్కబడింది. గుమాస్తాకు ప్రమోషను వచ్చింది.

టీచరు ఇవన్నీ చూసింది. మొదట్లో వాదించింది. తర్వాత సణిగింది. ఆ తర్వాత, అందరిలాగే, అలవాటు పడింది.

ఇలా అంతా సవ్యంగా సాగుతున్న రోజుల్లో ఆ బడిలో ఒక పిల్ల చేరింది. బక్కపల్చటిది. పన్నెండేళ్లుంటాయేమో. కుదురుగా ఒకచోట నిలబడదని తోటిపిల్లలు ఉడత అని పేరు పెట్టారు. చేరిన వారంలోనే వరండాలో పరిగెత్తుతూ పట్టుబడింది. శిక్షగా ఆటల పీరియడులో కూర్చోబెట్టారు. (ఆటల పీరియడులో అందరూ కూర్చునే ఉంటారు కాబట్టి, అది శిక్ష అని ఆ పిల్లకు విడిగా చెప్పాల్సి వచ్చింది.)

పరీక్షనాడు ఉడత వరసలో చివర నిలబడింది. గంట మోగింది. కాసిని మోతలకే సగంమంది గోడకు చేరగిలబడ్డారు. ఇంకాసేపటికి క్లాసు మొత్తం నీళ్లసీసాలు పట్టుకుని చతికిలబడింది. ఉడత మాత్రం, కొట్టుకు పంపిస్తే ఇష్టంగా పోయొచ్చే పిల్లలా, ఆ రెండు గీతల మధ్యా తిరుగుతూనే ఉంది. ఉన్నట్టుండి స్పీకరు మూగబోయింది. కరెంటు పోయిందనుకుంది టీచరు. పోలేదు. రికార్డింగు అయిపోయింది. అంతదాకా వచ్చే పిల్లలు లేరని, పొదుపు చర్యల్లో భాగంగా, ఊపిరాఫీసు వారు చివరి ముక్క కత్తిరించేశారు.

గంట ఆగినా ఉడత ఆగలేదు. ఆగమని ఎవరూ చెప్పలేదు కదా. కూర్చున్న పిల్లలు మాటలు మానేశారు. పార్కింగులో ఒకాయన కారు అద్దం దించాడు. బూట్లు నేలను తట్టే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఆ చప్పుడు విని ఎన్నేళ్లయిందో టీచరుకు గుర్తురాలేదు. విజిలు పెదాలదాకా తీసుకుపోయింది గాని ఊదబుద్ధి కాలేదు. అన్నాల బెల్లు కొట్టాక, ఇక తప్పదన్నట్టు, మెల్లగా ఊదింది.

“అలిసిపోయావా?” అని అడిగింది.

“లేదు టీచర్. ఆకలేస్తోంది,” అంది ఉడత.

ఆ సాయంత్రం ఫలితాలు యాప్‌లో ఎక్కించబోతే అది ఒప్పుకోలేదు. ‘ఈ సంఖ్య ఒక విద్యార్థికి సంబంధించినదిగా లేదు. గుంపుగా పరిగెత్తినవారి వివరాలు విడివిడిగా ఇవ్వగలరు’ అంది. టీచరు మళ్లీ ఎక్కించింది. ఈసారి అది ఆమెను మనిషేనని నిరూపించుకోమని సిగ్నలు లైట్ల బొమ్మలు చూపించింది. నిరూపించుకుంది. ‘మీ అంశము దర్యాప్తుకు పంపడమైనది. ధన్యవాదాలు’ అంది యాపు.

దర్యాప్తుకు ఊపిరి ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చాడు. వచ్చింది ఎదురుగా ఉన్న ఆఫీసు నుంచే అయినా, కారులో, యూటర్ను ఎక్కడుందో అంతదూరం పోయి తిప్పుకుని మరీ వచ్చాడు. మంచి మనిషి. మాట మెత్తన. గట్టిగా మాట్లాడితే ఆయాసం వస్తుంది, అందుకని మెత్తన. హెడ్‌మాస్టరు గదిలో కూర్చుని సంగతి విడమరిచి చెప్పాడు. ఈ ఒక్క పిల్ల మూలంగా బడి సగటు పెరిగిపోయింది. వచ్చే ఏడాది ప్రమాణం ఈ సగటు మీదే కడతారు. ఆ ప్రమాణం పెడితే మిగతా పిల్లలంతా తప్పుతారు.

“ఒక్క పిల్ల కోసం ఇంతమందిని ఫెయిలు చెయ్యమంటారా మేడమ్?” అన్నాడు.

“మిగతావాళ్లని కూడా పరిగెత్తిద్దాం సార్,” అంది టీచరు.

పెద్దల ముందు అనరాని మాట ఎవరో అన్నట్టు హెడ్‌మాస్టరు కిటికీలోంచి కార్లవైపు చూస్తూ కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు జాలిగా నవ్వి, అది తమ సంస్థ పరిధిలోకి రాదని చెప్పాడు. కొలవడం వరకే తమ బాధ్యత.

నిబంధనల ప్రకారం ఇలాంటి సందర్భాల్లో దోషం యంత్రానిదైనా కావాలి, టీచరుదైనా కావాలి, పిల్లదైనా కావాలి. స్పీకరు పరీక్షించారు, బాగానే ఉంది. గీతల మధ్య టేపు పెట్టి చూశారు, సరిగ్గానే ఉంది. టీచరును పక్కకు పిలిచి ఆ పిల్ల మీకేమైనా చుట్టమా అని అడిగారు, కాదని తేలింది. ఇక మిగిలింది పిల్ల. పిల్ల ఇల్లు చూడాలన్నారు. టీచరును కూడా రమ్మన్నారు.

ఉడత ఇల్లు ఒక పాత అపార్టుమెంటులో అన్నిటికన్నా పైది. దానిపైన నీళ్లట్యాంకు, ట్యాంకుపైన ఆకాశం. కింద లిఫ్టు తలుపుకు ‘మరమ్మతులో ఉన్నది’ అన్న అట్ట వేలాడుతోంది. అక్షరాలు వెలిసిపోతే ఎవరో మళ్లీ రంగు దిద్దారు. అంటే లిఫ్టుకు జరగని మరమ్మతు అట్టకు జరిగిందన్నమాట.

ఇన్‌స్పెక్టరు మొదటి అంతస్తు హుందాగా ఎక్కాడు. రెండో అంతస్తులో టై వదులు చేసుకున్నాడు. మూడో అంతస్తులో ఫోను వచ్చినట్టు నటించాడు. ఆపైన నటించే ఓపిక కూడా లేక మెట్టుమీద కూలబడ్డాడు. టీచరు మోకాళ్లు పట్టుకుని ఆయన పక్కనే కూర్చుంది. ఉడత ఆయన బ్యాగు పట్టుకుపోయి ఇంట్లో పెట్టి, కిందికొచ్చి వస్తున్నారా లేదా అని చూసి, పైకెళ్లి మంచినీళ్లు తెచ్చి, తాగాక ఆ గ్లాసు ఇచ్చి రావడానికి మళ్లీ పైకెళ్లింది.

“రోజూ... ఇన్ని మెట్లూ... ఎక్కుతావా?” అని అడిగాడు ఇన్‌స్పెక్టరు, ఊపిరి కూడదీసుకుని.

“రోజూ ఒకసారే కాదు సార్,” అంది ఉడత. “అమ్మకి దారం అయిపోతే దిగుతాను. అమ్మమ్మకి మందులు కావాలంటే దిగుతాను. తమ్ముడు కావాలని బంతి కిందపడేస్తాడు, దానికీ నేనే దిగాలి.”

ఉడత తల్లి ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆఫీసరొచ్చాడని కుర్చీమీది గుడ్డముక్కలు దులిపి వేసింది. కిటికీ దగ్గర అమ్మమ్మ కూర్చుని ఉంది. లిఫ్టు పాడైననాటి నుంచి ఆవిడ కిందికి దిగలేదు. రోజూ పొద్దున మనవరాలు బడికి పోతుంటే కిటికీలోంచి చూడటమే ఆవిడకు లోకం. “ఇక్కణ్ణించి ఆవగింజంత కనబడుతుంది నాయనా. గింజ పరిగెడుతుంటే మా పిల్లేననుకుంటాను,” అని ఇన్‌స్పెక్టరుకు చెప్పింది.

తల్లి తన గోడు వెళ్లబోసుకుంది. లిఫ్టు కోసం చెప్పులరిగేలా తిరిగింది, ప్రతి అర్జీకీ ‘పరిశీలనలో ఉన్నది’ అన్న జవాబే వచ్చింది. బడిబస్సు ఇటువైపు రాదు, అందుకని పిల్ల నడిచే పోతుంది, ఆలస్యమైతే పరిగెడుతుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ గిరాకీల కోసం తన దగ్గరే ఉంటుంది. పిల్లకు ఒక్క సుఖమూ అమర్చలేకపోయానని ఆవిడ తల దించుకుంది.

ఇన్‌స్పెక్టరు కళ్లు తుడుచుకున్నాడు. టీచరు మొదట చెమట అనుకుంది. కాదు, కన్నీళ్లే.

వారం తిరక్కుండా నివేదిక వచ్చింది. ‘సదరు బాలిక లిఫ్టు, వాహనము, తెర అను కనీస వసతులకు చిరకాలముగా దూరమై ఉన్నందున, గత్యంతరము లేక ఆమె శరీరము దమ్ము పెంచుకొనినది. దీనిని సామర్థ్యముగా పరిగణించరాదు. ఇది లేమి. తక్షణము సరిదిద్దవలెను.’

ఏళ్ల తరబడి అర్జీలకు కదలని లిఫ్టు ఒక్క నివేదికకు కదిలింది. మెకానిక్కులొచ్చి తాళ్లు మార్చారు, మోటారు మార్చారు, లోపల అద్దం కూడా బిగించారు. బడిబస్సు దారి మళ్లించారు. హెడ్‌మాస్టరు చేతులమీదుగా ఉడతకు ఒక ట్యాబు ఇప్పించి ఫొటో తీశారు. లిఫ్టులో అమ్మమ్మ మొదటిసారి దిగిన రోజున టీచరు కూడా వెళ్లింది. ముసలావిడ వీధిలో నిలబడి అటూ ఇటూ చూసి, “కొట్లన్నీ మారిపోయాయే” అంది. అంతే, తల్లి గోడవైపు తిరిగి ఏడ్చేసింది. టీచరు ఆ పెద్దావిడ చెయ్యి పట్టుకుని వీధి మలుపుదాకా నడిపించి తీసుకొచ్చింది. దాంతో ఆమెకు కోపం తెచ్చుకునే వీలు కూడా లేకుండా పోయింది. మేలు చేసినవాళ్ల మీద కోపం ఎలా తెచ్చుకోవాలో ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు.

లిఫ్టు అమ్మమ్మకే, నువ్వు మాత్రం మెట్లెక్కు అని టీచరు ఉడత చెవిలో చెప్పింది. ఉడత సరేనంది. కొన్నాళ్లు ఎక్కింది కూడా. ఈలోగా అపార్టుమెంటు సంఘం వారు, లిఫ్టుండగా మెట్లెందుకని, మెట్లదారిలో విరిగిన కుర్చీలు పేర్చి తలుపుకు తాళం వేసుకున్నారు. బడికి నడిచిపోదామంటే, బస్సు ఊరంతా చుట్టి ఈ ఒక్క పిల్ల కోసమే వస్తోంది. (నడిస్తే దానికన్నా ముందే చేరుతుంది. ఆ సంగతి డ్రైవరుకు కూడా తెలుసు.) ఎక్కకపోతే ‘వసతిని తిరస్కరించిన లబ్ధిదారు’ కింద తల్లికి నోటీసొస్తుంది. ఇక ట్యాబులో ‘ఇంటింటా వ్యాయామం’ పాఠాలు. సాయంత్రం పూట తప్పనిసరిగా చూడాలి. చూస్తున్నదీ లేనిదీ కెమెరా కనిపెడుతుంది. ఒకరోజు తెరమీద అమ్మాయి గెంతుతుంటే ఉడత కూడా లేచి గెంతింది. పాఠం ఆగిపోయి, ‘దయచేసి కదలకుండా వ్యాయామమును వీక్షించగలరు’ అని వచ్చి, మళ్లీ మొదటికెళ్లింది.

ఉండబట్టలేక టీచరు ఒకరోజు ఊపిరాఫీసుకు వెళ్లింది. రోడ్డు దాటి నడిచి వెళ్లింది. అదే పొరపాటు. గేటు దగ్గర కాపలా మనిషి బండి నంబరు అడిగాడు. నడిచొచ్చానంటే, నంబరు లేనిదే పాసు రాయడం కుదరదన్నాడు. చివరికి లోపలికి పోతున్న నీళ్లక్యాన్ల వ్యాను డ్రైవరును బతిమాలుకుని, క్యాన్ల మధ్య కూర్చుని, టీచరు ఊపిరాఫీసులో అడుగుపెట్టింది. హాల్లో పటం ఇంకాస్త వంగింది. దాన్ని చూసేవాళ్లు మెడలు పక్కకు వాల్చి, చాలా ఆశాజనకంగా ఉందనుకుంటూ పోతున్నారు.

“బడి విడిచాక కాసేపు ఆ పిల్లని నాకు వదలండి సార్,” అని అడిగింది ఇన్‌స్పెక్టరును. “దగ్గరుండి పరిగెత్తిస్తాను. మీరేమీ ఇవ్వక్కర్లేదు.”

“ఒక్క పిల్లకేనా? మిగతావాళ్లు ఊరుకోరు మేడమ్.”

“అందరినీ పంపండి. అందరినీ పరిగెత్తిస్తాను.”

“అందరికీ అంటే మైదానం కావాలి. మైదానం కావాలంటే కార్లు తియ్యాలి. కార్లు తీసేస్తే పిల్లలు బడికెలా వస్తారు?”

టీచరు దగ్గర జవాబుంది. కాని ఇందాక గేటు దగ్గర ఆ జవాబు చెప్పే నిలబడిపోయింది.

ఇన్‌స్పెక్టరు మెత్తగానే ఇంకోమాట అన్నాడు. ఆ పిల్ల ఇప్పుడు హాయిగా ఉందని, కావాలంటే మీరే చూసుకోండని. అది నిజమే. ఉడత బుగ్గలు నిండాయి. బస్సులో ఇద్దరు ముగ్గురు స్నేహితులయ్యారు. ఇదివరకు ఒంటరిగా పరిగెత్తుకొచ్చి ఒంటరిగా పరిగెత్తుకుపోయే పిల్ల, ఇప్పుడు కిటికీ పక్క సీటు కోసం నవ్వుతూ కొట్లాడుతోంది. ఆ పరుగు కావలసింది పిల్లకా, తనకా అన్న అనుమానం టీచరుకు రోడ్డు దాటుతుంటే వచ్చింది. దాటడం అయిపోయింది గాని అనుమానం తీరలేదు.

ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. చూస్తుండగానే మళ్లీ పరీక్ష రోజు వచ్చింది.

ఈసారి అమ్మమ్మ కూడా వచ్చింది. లిఫ్టు దిగి, బస్సెక్కి, మనవరాలి పక్కన కూర్చుని వచ్చింది. ప్రాంగణంలో ఆవిడకు కుర్చీ వేశారు. పోయినేడు మా పిల్ల పరుగుకు గంటే అలిసి ఆగిపోయిందట అని, అంబులెన్సు డ్రైవరుతో సహా అందరికీ చెప్పింది. ఇన్‌స్పెక్టరు కూడా వచ్చి నీడపట్టున కారులో కూర్చున్నాడు.

గంట మోగింది. ఉడత బాగానే మొదలుపెట్టింది. టీచరు విజిలును గుప్పిట్లో బిగించి పట్టుకుంది. కొన్ని మోతలయ్యాక పిల్ల డొక్కమీద చెయ్యి వేసుకుంది. ఆ తర్వాతి మోతకు గీత అందలేదు. ఒకసారి అటూ ఇటూ చూసి, ఆగిపోయిన పిల్లల మధ్యకు పోయి, తనూ ఆగింది.

అమ్మమ్మ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. “చూశారా, ఎంత బాగా పరిగెత్తిందో” అని పక్కవాళ్లకు చూపించింది. ఆవిడ ఇంతకుముందు ఎప్పుడూ దగ్గర్నుంచి చూడలేదు కాబట్టి ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

టీచరు నీళ్లసీసా పట్టుకుని వెళ్లింది. ఉడత గుండెలమీద అరచెయ్యి ఆనించుకుని, బెదురుగా చూసింది.

“టీచర్, లోపల్నించి ఎవరో తలుపు కొడుతున్నట్టుంది. గాలి సరిపోవట్లేదు. నాకేమైనా జబ్బు చేసిందా?”

టీచరు పక్కన కూర్చుని వీపు నిమిరింది. చుట్టూ ఉన్న పిల్లలే, పండిపోయిన అనుభవంతో, దాన్ని ఆయాసమంటారని, కాసేపు కదలకుండా కూర్చుంటే పోతుందని ఉడతకు ధైర్యం చెప్పారు. ఉడత వాళ్లు చెప్పినట్టే కూర్చుంది.

ఇన్‌స్పెక్టరు కారు గేటు దాటబోతూ టీచరు దగ్గర ఆగింది. ఆయన అద్దం సగం దించి, ఈ ఏడాది మీ బడిలో వెనకబడిన పిల్లలు ఒక్కరు కూడా లేరని ఆమెను మనస్ఫూర్తిగా అభినందించాడు.